గజ్జెల చప్పుడు నాయిస్ కాదు

ముందు తుడుం వినిపిస్తుంది. మనుషులు ఇంకా కనిపించరు. మీరు మార్లవాయి అనే గోండు గూడెంలో, ఊరి పెద్ద పటేల్ ఇంటి ముందు మంచం మీద కూర్చున్నారు. దీపావళి దగ్గర పడింది. పొద్దు గూకింది, చుట్టూ చేలల్లో పత్తి విచ్చుకొని తెల్లగా ఉంది, అలికిన వాకిలి ఇంకా తడి ఆరలేదు. ఎక్కడో గుట్ట అవతల తోలు మీద దెబ్బ పడింది. చెవి కన్నా ముందు మంచం పట్టెకు ఆనించిన అరచేతికి ఆ సంగతి తెలిసింది. పక్కన కూర్చున్న పెద్దాయన చుట్ట నోట్లోంచి తీసి, "వచ్చిన్రు" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే వాకిట్లో పిల్లలు మాయమయ్యారు. అంతా ఊరి పొలిమేరకే ఉరికారు.

తుడుం తరవాత డప్పులు, డప్పుల తరవాత సన్నాయి లాంటి పెప్రె. పెప్రె గొంతు చీకట్లో బాగా సాగుతుంది, దూరం ఎంతో అంచనా దొరకదు. అన్నిటికన్నా చివర వచ్చేవి గజ్జెలు. అవి వినిపించాయంటే దండారి బృందం ఊరు చేరినట్టే. నడుముకూ కాళ్ళకూ కట్టిన గజ్జెలు, గంటలు అన్నీ కలిసి వాన మొదలైనట్టుగా ఒకే చప్పుడు. దానికి తాళం ఉందా లేదా అన్నది మొదట్లో తేలదు. కొంచెం ఓపిక పడితే తేలుతుంది: అడుగు పడిన ప్రతిసారీ ఆ వాన గట్టిపడుతుంది, అడుగు లేచినప్పుడు పలచబడుతుంది.

ఆతిథ్యమిచ్చే ఊరివాళ్ళు ఎదురు వెళ్ళి "రాం రాం" అంటూ వచ్చినవాళ్ళను వాకిట్లోకి తీసుకొస్తారు. వచ్చింది పొరుగూరి దండారి. దీపావళి ముందు రోజుల్లో ఆదిలాబాద్ అడవుల్లో గోండు గూడేలు ఇలా ఒకదానింటికి ఒకటి చుట్టాలుగా వెళ్తాయి. ఒక రాత్రి ఉంటారు, ఆడతారు, తింటారు, తెల్లారి మరో ఊరి దారి పడతారు. పెళ్ళి సంబంధాల మాటలు కూడా ఈ రాకపోకల్లోనే మొదలవుతాయి. భోగి అనే తంతుతో మొదలైన ఈ దండారి పండగ కొలబొడి అనే తంతుతో ముగుస్తుంది.

ఇప్పుడు గుస్సాడీ మీ ముందు నిల్చున్నాడు. తల మీద పెద్ద నెమలి ఈకల టోపీ, దాని ముందు భాగాన అద్దాలు, మెరుపు కాగితాలు. కొన్ని టోపీలకు కొమ్ములు కూడా ఉంటాయి. ఒంటికి బూడిద. ముఖానికి పెట్టుడు గడ్డం, మీసం. మెడలో గవ్వల దండలు, పూసల దండలు. భుజాన మేక తోలు, చేతిలో కర్ర. ఆ టోపీ ఒక్క ఏడాదిది కాదు. ఈకలు ఏరి, కూర్చి, తండ్రి నుంచి కొడుకు దాచుకుంటూ వచ్చినది. దీక్షలో ఉన్నన్నాళ్ళు గుస్సాడీ స్నానం చేయడు. ఏత్మాసూర్ దేవత అతని మీదికి వస్తుందని నమ్మకం. అందుకే ఆ కర్రను ఒంటికి తాకించమని జబ్బుపడ్డవాళ్ళు అడుగుతారు. అతను నవ్విస్తాడు కూడా. పిల్లల మీదికి హఠాత్తుగా దూకుతాడు, పెద్దవాళ్ళను ఆటపట్టిస్తాడు. దేవుడూ విదూషకుడూ ఒకే ఒంట్లో ఉండటం చూసి మొదటిసారి వచ్చినవాళ్ళు కొంత తికమకపడతారు. ఊరివాళ్ళకు అందులో వింతేమీ లేదు.

ఆడవేషం కట్టిన కుర్రాళ్ళు పోరిక్‌లు. వాళ్ళు ఒక పక్క, కోలాటం కర్రల జట్టు ఒక పక్క, మధ్యలో గుస్సాడీలు. వాయించేవాళ్ళు గుండ్రంగా నిలబడరు, ఆటతో పాటు నడుస్తూ ఉంటారు. గుమ్మెల వాద్యం మీ ఎడమ చెవి దగ్గర మొదలై వెనక నుంచి తిరిగి కుడి చెవికి వస్తుంది. పర్ర, డోలు దూరం దగ్గరవుతూ ఉంటాయి. ఒకే దరువు అరగంట సాగింది. మార్పు లేదనుకున్నారు, కానీ ఉంది. వేగం పెరిగింది, ఎప్పుడు పెరిగిందో మీరు పట్టుకోలేకపోయారు. మీ కాలి బొటనవేలు మాత్రం చాలాసేపటి నుంచే దాని వెంట పోతోంది.

మీ పక్కన ఇంటర్ చదివే కుర్రాడు ఫోను ఎత్తి పట్టుకుని రికార్డు చేస్తున్నాడు. అతనితో పాటు ఇంకా చాలామంది. ఫోను తెరల వెలుతురు బూడిద ఒళ్ళ మీద పడుతోంది. దాన్ని చూసి విసుక్కోవాల్సిన పని లేదు. ఊరివాళ్ళ పండగను ఊరి పిల్లవాడు తీసుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ ఆ పని బయటివాళ్ళే చేశారు.

*

తెల్లారి ఆ కుర్రాడే మిమ్మల్ని సమాధుల దగ్గరికి తీసుకెళ్తాడు. మార్లవాయిలో రెండు సమాధులు పక్కపక్కన ఉంటాయి: క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ది. ఆయన 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ఇండియా లెక్కలో శత్రుదేశస్తుడు. హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్ళరాదన్నారు. ఆ కట్టడే ఆయన్ని మన అడవుల్లో నిలబెట్టింది. 1940లో జోడేఘాట్ దగ్గర గోండుల పోరాట నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, నిజాం సర్కారుకు గోండుల బాధ ఏమిటో తెలుసుకోక తప్పలేదు. ఆ పని హైమన్‌డార్ఫ్ మీద పడింది. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో ఇక్కడే ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వెలువడింది. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో, ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు.

ఆయన తీసిన ఫొటోలు వేల సంఖ్యలో లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ భండారంలో ఉన్నాయి. స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టారు. కుర్రాడు తన ఫోనులో ఒకటి తీసి చూపిస్తాడు. గీతలు పోయాయి, మసక పోయింది, ఈక ఈకా లెక్కపెట్టొచ్చు. అంత శుభ్రంగా ఉంది. గుస్సాడీ కాలు గాలిలో ఉంది. డోలు మీద కర్ర ఆనబోతోంది. చప్పుడు మాత్రం లేదు. ఆ కాలపు కెమెరా బొమ్మను పట్టుకోగలిగింది గానీ ఆ రాత్రి తుడుం ఎంత వేగంతో మోగిందో చెప్పలేదు. "తాత వాళ్ళు ఎట్ల కొట్టేటోళ్ళో" అని కుర్రాడు తనలో తనే అనుకుంటాడు.

ఈ ఊరివాడే కనకరాజు. గుస్సాడీ నేర్పుతూ జీవితమంతా గడిపిన గురువు. 1980ల తొలినాళ్ళలోనే తన జట్టును ఢిల్లీ గణతంత్ర దినోత్సవానికి తీసుకెళ్ళాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో, దీపావళి ఇంకా వారం ఉందనగా, పోయాడు. ఆయన అడుగులు వీడియోల్లో మిగిలాయి. కానీ రాత్రి మీరు చూసిన జట్టు ఆ వీడియోలు చూసి నేర్చుకోలేదు. ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకుంది.

ఇప్పుడు కుర్రాడు రాత్రి రికార్డింగు పెడతాడు. మీరిద్దరూ సమాధుల పక్కనున్న నీడలో చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. మొదటి నిమిషంలోనే ఏదో తేడా కొట్టింది. తుడుం దెబ్బ పడగానే పెప్రె మునిగిపోతోంది. దెబ్బ ఆగాక మెల్లగా పైకి తేలుతోంది. మళ్ళీ దెబ్బ, మళ్ళీ మునక. రాత్రి మీరు విన్నప్పుడు ఇలా లేదు. అది ఫోను చేసిన పని. చప్పుడు పెరగ్గానే ఫోను దానంతటదే రికార్డింగు స్థాయి తగ్గించేస్తుంది, నిశ్శబ్దం రాగానే పెంచేస్తుంది. మాటలకు అది బాగానే ఉంటుంది. దండారికి కాదు. ఇంకా పెద్ద దెబ్బ గజ్జెల మీద పడింది. ఎడతెగకుండా ఒకే తీరున వచ్చే సన్నని చప్పుడంటే ఫోనులోని నాయిస్ తగ్గించే ఏర్పాటుకు ఫ్యాను గాలి, రోడ్డు హోరు కిందే లెక్క. గజ్జెల్ని అది చాలా మటుకు తుడిచేసింది. మిగిలినది ఇసుక రాలినట్టు చివరలు తెగి వినిపిస్తోంది. ఆ ఫైలు వాట్సాప్‌లో నాలుగు చేతులు మారితే ఇంకా నలుగుతుంది.

"కరీంనగర్‌ల స్టూడియో ఉంది, ఆడ సాఫ్ చేస్తరు" అన్నాడు కుర్రాడు. అసలు రికార్డింగు పెన్‌డ్రైవ్‌లో వేసి మీ చేతికిచ్చాడు.

*

ఉట్నూర్ నుంచి జన్నారం మీదుగా బస్సు కవ్వాల్ అడవిలోంచి దిగుతుంది. టేకు చెట్లు, మధ్యమధ్య పత్తి బేళ్ళ లారీలు. దండేపల్లి దగ్గర గోదావరి ఒడ్డున గుడిరేవు ఉంది. పద్మల్‌పురి కాకో అక్కడి దేవత. దండారి బృందాలు ఈ రోజుల్లో అక్కడికి వాద్యాలతో సహా మొక్కు చెల్లించడానికి వస్తాయి. మీ బస్సులోనే వెనక సీట్లలో ఒక బృందం ఉంది, టోపీలకు గుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. గుడిరేవు మలుపు దగ్గర దిగిపోయారు. లక్షెట్టిపేట దాటి రాయపట్నం వంతెన మీద గోదావరి, ఆ తరవాత ధర్మపురి, జగిత్యాల, కరీంనగర్.

కరీంనగర్‌లో స్టూడియో అంటే భవనం కాదు. గల్లీలో రెండో అంతస్తులో ఒక గది. గోడలకు నల్లటి స్పాంజి, మూలన గాజు తలుపు వెనక మైకు, బల్ల మీద కంప్యూటరు, రెండు స్పీకర్లు, చాయ్ గ్లాసులు. పల్లె పాటల యూట్యూబ్ చానెళ్ళకు ఇలాంటి గదుల్లోనే పని జరుగుతుంది. పొద్దున బతుకమ్మ పాట, మధ్యాహ్నం పెళ్ళి పాట, రాత్రికి ఏదో ఎన్నికల పాట. ఒకప్పుడు బస్టాండు పక్క దుకాణాల్లో ఒగ్గు కథ క్యాసెట్లు అమ్మిన ఊరు ఇది. వేములవాడ పక్క హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గు డోలు చప్పుడుకు జిల్లా అంతా తెల్లవార్లు మేల్కొనేది. పాట రికార్డు చేసి అమ్మే విద్య కరీంనగర్‌కు కొత్త కాదు.

స్టూడియో కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టి, దండారి అలలను తెర మీద చూసి పెదవి విరిచాడు. "సార్, మాస్టరింగ్ అంటే ఏందో ముందు గిది ఇనుండ్రి" అని ఇంకేదో పాట పెట్టాడు.

గది నిండా బేస్. దాని మీద ఆకాశంలో తేలుతున్నట్టు సింథసైజర్, ఎక్కడికీ తొందర లేని డ్రమ్ములు. ఎలోయ్ అనే జర్మన్ బ్యాండు, 1977 నాటి 'ఓషన్' ఆల్బమ్. స్పేస్ రాక్ అంటారు ఈ తరహాను. పాట మూడు నిమిషాల్లో అయిపోవాలన్న పట్టింపు లేదు. ఆ ఆల్బమ్ మొత్తంలో నాలుగే పాటలు, సముద్రంలో మునిగిన అట్లాంటిస్ కథ.

ఎలోయ్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1969లో హనోవర్‌లో ఫ్రాంక్ బోర్నెమన్ అనే గిటారిస్టు మొదలుపెట్టాడు. హెచ్.జి. వెల్స్ 'టైమ్ మెషీన్' నవలలో భవిష్యత్తు కాలపు జాతి పేరే బ్యాండు పేరు. 1971లో మొదటి రికార్డు మామూలు హార్డ్ రాక్. 1973లో 'ఇన్‌సైడ్' దగ్గర దారి మళ్ళింది. అందులో ఒక పాటే గ్రామఫోన్ రికార్డు ఒక వైపంతా ఆక్రమించింది. 1975లో 'పవర్ అండ్ ద ప్యాషన్' తరవాత జట్టు విడిపోయింది. బోర్నెమన్ కొత్తవాళ్ళను చేర్చుకొని 'డాన్' తీశాడు, ఆపైన 'ఓషన్'. 1984లో మళ్ళీ చెదిరింది, 1988లో మళ్ళీ వచ్చింది, నలభయ్యేళ్ళకు 2009లో 'విజనరీ' తెచ్చింది. మొదటి నుంచి చివరి దాకా ఉన్నది బోర్నెమన్ ఒక్కడే. 2000 తరవాత ఈఎంఐ ఆ పాత ఆల్బమ్‌లను రీమాస్టర్ చేసి సీడీలుగా తెచ్చింది.

"పాత సీడీల బేస్ గింతనే వస్తది. గిది రీమాస్టర్. సూడుండ్రి ఎట్ల లేస్తదో." అదే చోటు నుంచి రెండూ మార్చి మార్చి వినిపించాడు. నిజమే, బేస్ తీగ కంపించడం దగ్గర్నుంచి తెలుస్తోంది. తాళాల చివర గాలిలో కరిగిపోవడం కూడా వినిపిస్తోంది.

రీమాస్టర్ ఎలా చేస్తారంటే, స్టూడియో అలమరలో మాస్టర్ టేపు ఉంటుంది. ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పూత. ఏళ్ళు గడిచేకొద్దీ పూతను పట్టి ఉంచే జిగురు తేమ పీలుస్తుంది. కొన్ని రకాల టేపులైతే ఓవెన్‌లో సన్నని వేడి మీద గంటల తరబడి ఆరబెడితే గానీ తిరగవు. జాగ్రత్తగా తిప్పి డిజిటల్‌లోకి ఎత్తుకుంటారు. ఆ తరవాత టేపు తనంతట తాను చేర్చిన సుయ్‌మనే ఊపిరి, చిటపటలు తగ్గిస్తారు. పాత ఎల్‌పీ సూది తట్టుకోలేదని అప్పట్లో కోసేసిన లోతైన శబ్దాలను తిరిగి ఇస్తారు. ఇంతవరకు న్యాయం. అక్కడితో ఆగని రీమాస్టర్లూ లోకంలో బోలెడు: మెత్తనిదీ గట్టిదీ ఒకే ఎత్తుకు లాగి, చెవిలో అరిచేలా బిగించేవి. అవి వింటే పది నిమిషాలకు తలనొప్పి వస్తుంది.

ఇక దండారి. స్టూడియో కుర్రాడు గజ్జెలున్న చోట ఒక ముక్క ఎంచుకుని, "గిది నాయిస్" అని కంప్యూటరుకు చూపించాడు. ఒక మీట నొక్కాడు. తెర మీద బూడిద రంగు మచ్చంతా పోయింది. డోలు, తుడుం, పెప్రె మిగిలాయి. "సాఫ్ అయింది" అని మీ ముఖంలోకి చూశాడు.

సాఫే అయింది. ఎవరూ ఆడటం లేదు. అడుగు లేదు, నేల లేదు, గుస్సాడీ లేడు. ఎవరో గదిలో కూర్చుని డోలు సాధన చేస్తున్నట్టుంది. హనోవర్ బ్యాండుకు టేపు ఊపిరి బయటి నుంచి వచ్చి పడినది, తీసేస్తే పాటకు లాభం. దండారికి గజ్జె బయటిది కాదు. డోలు కొట్టేవాడు వినేది ఆ గజ్జెనే. ఆట వేగం చూసి అతను వేగం పెంచుతాడు. గజ్జె తీసేస్తే వేగం ఎందుకు పెరిగిందో రికార్డింగులో కారణం మిగలదు.

మీరు ఆ మాట చెప్పారు. అతను వాదించలేదు. పని తెలిసినవాడు. "అట్లయితె ఇడిసిపెడ్త సార్" అని వెనక్కి తిప్పాడు. ఫోను ముంచిన పెప్రెను చేత్తో, దెబ్బ దెబ్బకూ మెల్లగా పైకి లేపడం మొదలుపెట్టాడు. అరనిమిషం పాట సరిచేయడానికి చాయ్ రెండుసార్లు వచ్చింది. ఫోను తుడిచేసిన గజ్జెలు మాత్రం తిరిగి రావు. లేనిదాన్ని ఏ మీటా తేలేదు. "గుమ్మెల కింద రిథమ్ ప్యాడ్ వేస్తె మస్తుంటది" అని ఒకసారి ఆశగా అడిగాడు. మీరు వద్దన్నారు. అది వేరే పాటకు వేసుకోవచ్చు.

గోండీ డీజే పాటలు ఇప్పుడు పెళ్ళిళ్ళలో మారుమోగుతున్నాయి. ఆదిలాబాద్ ఉపాధ్యాయుడు తొడసం కైలాస్ కృత్రిమ మేధతో కొలామీ భాషలో పాట కట్టిన సంగతిని 2025లో ప్రధాని మన్‌కీ బాత్‌లో చెప్పారు. కొత్త పాటను ఎవరు కాదంటారు? గణతంత్ర దినోత్సవ కవాతులో గుస్సాడీ ఆట నిమిషాలకు కుదించుకుంది, అదీ తప్పు కాదు. జట్టులో మనుషులు మారతారు, అలవాట్లు మారతాయి. ఎలోయ్‌లో మారలేదా? తేడా ఒక్కచోట ఉంది. 'ఓషన్' ఎంత మార్చి అమ్మినా, అసలు మాస్టర్ టేపుకు తిరిగి వెళ్ళే దారి ఉంటుంది. దండారికి అలాంటి టేపు లేదు. ప్రధాన్, తోటీ తెగలవాళ్ళు వాయించే మూడు తీగల కిక్రీకీ లేదు. గుర్రపు వెంట్రుకల ఆ తీగల మీద గోండు వంశాల కథలు రాత్రుళ్ళు చెప్పేవాళ్ళు ఇవాళ కొద్దిమందే మిగిలారు. వాళ్ళ దగ్గర ఇప్పుడు తీసే రికార్డింగే రేపటికి మాస్టర్ టేపు అవుతుంది.

కాబట్టి వచ్చే దీపావళికి ఆ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక విన్నపం. పటేల్‌ను అడగకుండా ఫోను తీయకండి. ఆయన సరేనన్నాక, ఫోను సెట్టింగుల్లో స్థాయిని దానంతటదే మార్చే ఏర్పాటు, నాయిస్ తగ్గించే ఏర్పాటు ఉంటే ఆపేయండి. శబ్దాన్ని నలగని వేవ్ ఫైలుగా రికార్డు చేసే ఉచిత యాప్‌లు ఉన్నాయి. తుడుం పక్కన నిలబడకండి, పది అడుగులు వెనక్కి జరగండి. మొదట్లోనే ఊరి పేరు, తేదీ, వాయిస్తున్నవాళ్ళ పేర్లు వాళ్ళ అనుమతితో నోటితో చెప్పి పెట్టండి. మధ్యలో ఆపకండి. అసలు ఫైలును ఎవరు ఎంత బాగు చేసినా చెరపకండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ ఊరి బడిలోనో పటేల్ ఇంట్లోనో ఇచ్చి రండి.